మాటల ఫోల్డర్

ఇంట్లో బ్యాకప్ పని నా మీద ఏ రోజున పడిందో గుర్తులేదు గానీ, ఎలా పడిందో బాగా గుర్తుంది. మా ఆయన పాలిటెక్నిక్‌లో మెకానిక్స్ చెబుతారు. పాఠాలు ఇంట్లోనే వీడియోలు తీసి పిల్లలకు పంపుతుంటారు. ఒకరోజు పొద్దున్నే పదకొండు పాఠాలున్న ఫోల్డర్‌ను పొరపాటున చెరిపేసి, దాన్ని వెతికే కంగారులో ఇంకో రెండు చెరిపేసి, కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నారు. నేను అందరి మధ్యాహ్నం డబ్బాలకూ మూతలు పెడుతున్నాను. ఓదార్పుగా ఏదో ఒకటి అనాలి కదా అని, మా హాస్పిటల్లో అయితే నిన్నటి కాపీ ఒకటి ఉంటుందండీ, పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చు అన్నాను. ఆయన తలెత్తి నా వంక చూశారు. "అంటే నీకు ఈ పని వచ్చన్నమాట. తెలిసి కూడా ఇన్నాళ్లూ ఇంట్లో ఎందుకు చెయ్యలేదు?" అన్నారు. అంతే, ఆ పాఠాలు పోవడం నా తప్పయి కూర్చుంది. ఆ ఆదివారమే పెద్ద డిస్కు ఒకటి కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టి, కొంచెం చూసుకోవూ అన్నారు. మా ఇంట్లో 'కొంచెం' అనే మాటతో మొదలైన పనులేవీ ఇంతవరకు ముగియలేదు.

నేనొక కంటి ఆస్పత్రిలో రికార్డుల సెక్షన్లో పనిచేస్తాను. వచ్చినవాళ్లను డాక్టరు దగ్గరికి పంపేముందు ఏ కన్ను, ఎన్నాళ్లనుంచి, చూపు ఎలా ఉంది అని అడిగి కంప్యూటర్లో ఎక్కించాలి. బెంచీలకూ పరీక్ష గదికీ మధ్య ఒక అద్దాల గూడు, అందులో నేను. తొమ్మిదేళ్ల కిందట అక్కడ కంప్యూటర్లు చూసుకునే అతను మానేశాడు. మేనేజరుగారు వచ్చి, కొత్తవాళ్లు చేరేదాకా సాయంత్రం బ్యాకప్ నువ్వు చూడమ్మా, ఎలాగూ ఆఖర్న వెళ్లేది నువ్వే కదా అన్నారు. నేను ఆఖర్న వెళ్లేది, నాకిచ్చిన పని అప్పటికి గానీ తెమలక. ఆ కొత్తవాళ్లు ఇప్పటికీ రాలేదు. అయితే అబద్ధమెందుకు, ఆ పని నాకు నచ్చింది. మానేసినతను టాస్కులకు పెట్టి వెళ్లిన పేర్లు చూస్తే నవ్వొచ్చింది. 'కొత్త బ్యాకప్', 'కొత్త బ్యాకప్ అసలైనది', 'ఇదే అసలైనది', 'ఇది వద్దు'. ఒకసారి నిజంగానే కాపీ తియ్యాల్సి వస్తే ఏది అసలైనదో తెలియక ఒక పూటంతా పేషెంట్లు బెంచీల మీదే ఉండిపోయారు. ఆ వారమే అన్నిటికీ పేర్లు మార్చాను. ఎవరివి, ఏమిటివి, ఎప్పటివి అనేది పేరు చదవగానే తెలియాలి. పేరు సరిగా లేని కాపీ ఉన్నా లేనట్టే అని ఎవరూ చెప్పకుండా నాకు నేనే నేర్చుకున్నాను. ఆ తర్వాత మీటింగులో మేనేజరుగారు 'మనం తెచ్చిన కొత్త పద్ధతి' అని దాని గురించి చెబుతుంటే వెనక కుర్చీలో కూర్చుని విన్నాను.

ఇంటికి మాత్రం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాను. అందులో కాపీ చెయ్యాల్సిన ఫోల్డర్ల పక్కన టిక్కులు పెట్టాలి, ఎక్కడికో ఏ వేళకో చెప్పాలి, ఆఖర్న ఆ టాస్కుకు ఒక పేరు పెట్టాలి. మొదటిదానికి 'ఆయన పాఠాలు' అని పెట్టాను. మా ఆయన చూసి, "ఆయన ఏంటి ఆయన? రేపు ఎవరికైనా చూపించాల్సి వస్తే?" అన్నారు. 'మెకానిక్స్ లెక్చర్లు' అని మార్చాను. రెండోది 'పాప చదువు'. అప్పటికి పాపకు పన్నెండేళ్లు, తను పాప ఏమిటని అలిగింది గానీ ఆ పేరు అలాగే ఉండిపోయింది. మూడోది 'అందరి ఫోటోలు'. అందరి ఫోటోలూ అన్నమాటే గానీ తీసింది నేను కాబట్టి వాటిలో నేను తక్కువ. నాలుగోది 'మామయ్యగారి జీవితం'. మామయ్యగారు జీవితచరిత్ర రాస్తున్నారు. రాస్తున్నారంటే ఆయన చెబుతారు, నేను టైపు చేస్తాను. అప్పటికే రెండొందల పేజీలు దాటింది. సగం ఉద్యోగంలో బదిలీలు. అత్తయ్య అందులో రెండుచోట్ల వస్తుంది, పెళ్లయిన రోజున ఒకసారి, పోయిన రోజున ఒకసారి. టైపు చేస్తూ ఒకటి రెండుసార్లు, అత్తయ్య గురించి ఇంకేమైనా చెబుతారా మామయ్యగారూ అని అడిగాను. ఆయన మంచివారు, కాసేపు నిజంగానే ఆలోచించారు. "ఏముందమ్మాయ్, ఇంట్లోనే ఉండేది కదా" అన్నారు.

ఇక నాది. ఆ ఫోల్డర్ పేరు 'మాటలు'. ఆస్పత్రి ఫారంలో చూపు ఎలా ఉందన్న చోట మసక, మచ్చ, నీరు, నొప్పి అని ఉంటాయి, వాటిలో ఒకటి నొక్కాలి. వచ్చినవాళ్లు ఒక్కరూ అలా చెప్పరు. ఒక దర్జీ చెప్పాడు, సూదిలోకి దారం పోవడంలేదనుకున్నానమ్మా, తీరా చూస్తే సూదులు రెండున్నాయి, ఏది నాదో తెలియక ఆగిపోయాను అని. ఒక లారీ డ్రైవరు, ఎదురొచ్చే బండి లైటు పువ్వులా విచ్చుకుంటోంది మేడమ్, చూడ్డానికి బావుంటుంది, అదే భయం అన్నాడు. గోడలు కట్టే మేస్త్రీ ఒకాయన, వాళ్లు గోడ వంకరొచ్చిందంటున్నారు గానీ నాకు లోకమంతా ఆ పక్కకే వంగి ఉంది, నేను దేన్ని చూసి నిటారుగా కట్టాలి అని నన్నే అడిగాడు. రిటైరైన టీచరమ్మ ఒకామె, అద్దంలో నా మొహం మధ్యలో ఎవరో తడివేలితో తుడిచేసినట్టుంది, చెవులూ జడా ఉన్నాయి, నేను లేను అంది. వీటన్నిటికీ నేను 'మసక' అని నొక్కాలి. నొక్కేదాన్ని. కానీ ఒకరోజు నొక్కాక చెయ్యి ఆగలేదు. చిరిగిన టోకెను చీటీ వెనక ఆ మాట రాసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అలా మొదలైంది. పేరు రాయను, వయసూ చేసే పనీ మాత్రం రాస్తాను. ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చీటీలన్నీ తీసి ఇంటి కంప్యూటర్లో ఎక్కించేదాన్ని. ఎక్కించాక చింపేసేదాన్ని, ఇంటినిండా ఈ చెత్తేంటని ఒకసారి మాట వచ్చింది కాబట్టి. ఆస్పత్రి కంప్యూటర్లో సొంత ఫైళ్లు పెట్టకూడదని రూలు. ఆ రూలు కాగితాన్ని గోడకు అతికించింది కూడా నేనే.

ఒకామె ఎడమ కన్ను పట్టుకుని వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, ఏదో బడిలో ఆయా. ఎలా తగిలిందమ్మా అన్నాను. "తలుపు తగిలిందని రాయండి" అంది. రాశాను. నేను రాసేదాకా చూసి, లేస్తూ లేస్తూ, "మా ఇంట్లో తలుపుది కుడిచేతి వాటం" అంది. మొహంలో ఏ మార్పూ లేదు. నేను ఏదైనా అనేలోపు లోపలికి పిలిచారు, వెళ్లిపోయింది. ఆ మాట రాసుకుని ఆ రోజంతా పనిచేయలేకపోయాను. పోలీసులకు చెప్పాలా, ఎవరికి చెప్పాలి, ఆమె చెప్పనిది నేనెలా చెబుతాను, ఇలా తిరిగాయి ఆలోచనలు. మళ్లీ రమ్మన్న తారీఖుకు ఆమె రాలేదు. ఆమె గురించి ఈ లోకంలో ఎక్కడైనా నిజం రాసి ఉందంటే అది నా ఫోల్డర్లోనే.

దీని సంగతి అప్పట్లో తెలిసిన మనిషి ఒక్కరే, రెటీనా చూసే డాక్టరమ్మ. ఒకసారి నా వెనకగా వెళ్తూ నేను రాసుకుంటున్న చీటీ చదివి ఆగిపోయింది. టీచరమ్మ అద్దం మాట అది. "ఈ ఒక్క వాక్యంతో రోగమేంటో చెప్పొచ్చు, పరీక్ష కూడా అక్కర్లేదు" అంది. అప్పటినుంచి అప్పుడప్పుడు, ఈ వారం ఏం దొరికాయి అని అడిగేది. నాకు పెళ్లయి ఇరవై ఏళ్లు. నన్ను ఏం వండావని అడిగారు, ఏం తెచ్చావని, ఎక్కడ పెట్టావని అడిగారు. ఏం దొరికాయి అని అడిగింది ఆవిడొక్కతే. రిటైరయ్యాక కూడా ఫోను చేసేది. కిందటేడాది చేసి, కొత్తగా చేరే డాక్టర్ల కోసం చిన్న పుస్తకం ఒకటి వేస్తున్నామని, అది నా మాటలతోనే ఉండాలని చెప్పింది. "మా పిల్లలకు యంత్రం చూడ్డం వచ్చు, మనిషి చెప్పేది వినడం రాదు. నీ పేరు పైన వేస్తాం" అంది. నా పేరు ఆఖరిసారి అచ్చులో చూసుకున్నది పెళ్లి శుభలేఖ మీద. ఇంకొంచెం బాగుచేసి, వరసగా పెట్టి పంపిస్తాను మేడమ్ అన్నాను. ఉన్నవి ఉన్నట్టు పంపు అంది ఆవిడ. నేనే వినలేదు. పన్నెండు వందల చిల్లర మాటలు. పదకొండేళ్లవి. అచ్చుతప్పులతో ఎలా పంపుతాను?

మొదట్లో, ఇంటి టాస్కులు అమర్చినప్పుడే, 'మాటలు' ఫోల్డర్‌కు ఐదోది పెట్టబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఉచితంగా వాడేవాళ్లకు నాలుగు టాస్కులే, ఎక్కువ కావాలంటే కొనుక్కోవాలంది. కొందామండీ అని ఇంట్లో అనడానికి నా దగ్గర కారణం లేదు. కారణం ఉంది, చెప్పేటంత పెద్దదిగా అనిపించలేదు. 'మెకానిక్స్ లెక్చర్లు' టాస్కులోకి వెళ్లి, ఆయన ఫోల్డర్ల కింద నా ఫోల్డర్ పక్కన కూడా ఒక టిక్కు పెట్టాను. ఆయన నీడలో నాదీ రోజూ కాపీ అయ్యేది. ఐదేళ్లు అలా నడిచింది. ఆ టాస్కు ముగిసినప్పుడల్లా వచ్చే రిపోర్టు తనకే రావాలని ఆయన అడిగి పెట్టించుకున్నారు గానీ, దాన్ని తెరిచి చూసినట్టు లేదు. ఒక శనివారం చూశారు. కాలేజీవాళ్లు పాఠాలన్నీ ఒక డిస్కులో ఇమ్మన్నారట, బ్యాకప్ డిస్కునే కాపీ చేసి ఇద్దామనుకున్నారు. భోజనాల దగ్గర, "నా లెక్చర్ల మధ్యలో ఈ మాటలేంటి?" అన్నారు. చెప్పాను. ఆయన కోప్పడలేదు, నవ్వారు కూడా. "ప్రిన్సిపాల్ తెరిచి చూస్తే దర్జీలూ సూదులూ కనపడితే నా పరువేం కావాలి? అది తీసెయ్. నీకు ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చుగా" అన్నారు. అంతకన్నా న్యాయమైన మాట ఎవరంటారు? ఆయన పాఠం మొదలుపెట్టేముందు గొంతు సవరించుకుంటారు చూడండి, ఆ వీడియో ముక్కంత కూడా ఉండదు నా పదకొండేళ్ల పని మొత్తం. అది చెబుదామని నోటిదాకా వచ్చింది. పాప ఇంకేదో అడిగింది, లేచి వెళ్లాను.

సోమవారం పొద్దున తీశాను. ఆ పూట మామయ్యగారిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, పాపకు పరీక్ష, వంటింట్లో కారే పైపు బాగుచెయ్యడానికి వచ్చినతను కట్టెయ్యాల్సిన నీళ్ల వాల్వు ఎక్కడని కేకేస్తున్నాడు. ఆయన బూట్లేసుకుంటూ, డిస్కు రెడీనా అన్నారు. తడిచెయ్యి చీరకు తుడుచుకుని నిలబడే మౌసు పట్టుకున్నాను. టిక్కు తీశాను. ఈ ఫోల్డర్‌ను ఇకపై కాపీ చెయ్యను, ఇదివరకటి కాపీలు కనపడకుండా పక్కన పెట్టి ముప్ఫై రోజుల తర్వాత తొలగిస్తాను, సరేనా అని అడిగింది. ఆ ముప్ఫై రోజుల గడువు పెట్టింది నేనే, వీడియోలకు చోటు చాలక. సరే అని నొక్కాను. సాయంత్రం వచ్చి 'మామయ్యగారి జీవితం'లో పెట్టుకుందామనుకున్నాను. వచ్చాక ఆయన్ని అడగకుండా ఆయన జీవితంలో నావి పెట్టడం బావుండదనిపించింది. అడగడానికి ఆయనకు కొత్త చెవిమిషను ఇంకా అలవాటు కాలేదు. 'అందరి ఫోటోలు'లో పెట్టొచ్చు, దానికి ఎవరినీ అడగక్కర్లేదు. మౌసు ఐదుసార్లు నొక్కితే అయిపోయే పని. నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. బట్టలారేస్తుంటే గుర్తొచ్చేది, బస్సులో నిలబడి గుర్తొచ్చేది. ఇంటికొచ్చేసరికి ఇంకెవరిదో ఏదో ముందుండేది. నాదే కదా, ఆగుతుంది అనుకున్నాను. అందరూ ఎప్పుడూ నా గురించి అనుకునేది అదే, నేనూ ఆగుతానని. నాలుగు నెలలయింది.

అదీ ఆదివారం మధ్యాహ్నమే. ఆయన పాఠం తీస్తున్నారు. కంప్యూటర్లోంచి గోటితో బల్ల మీద కొట్టినట్టు చప్పుడు మొదలైంది, టక్ టక్ మని. స్క్రీను ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే అదే చప్పుడు. నేను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు తిరిగి, "బ్యాకప్ ఉందిగా?" అన్నారు. ఉందండీ అన్నాను. రిపేరు షాపులో కుర్రవయసు దాటిన మెకానిక్ డిస్కు ఊడదీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, గడియారం విన్నట్టు. లోపల పళ్లెం గీసుకుపోయింది మేడమ్, దీన్లోంచి ఎవరూ ఏమీ తియ్యలేరు అన్నాడు. ఒక్క చిన్న ఫోల్డర్, చాలా చిన్నది అన్నాను. చిన్నదైనా పెద్దదైనా ఒకటేనమ్మా అన్నాడు. బ్యాకప్ ఉందా అన్నాడు. ఉంది అన్నాను. అయితే మీరు అదృష్టవంతులు, ఇక్కడికొచ్చే పదిమందిలో తొమ్మిదిమందికి ఉండదు అని మెచ్చుకున్నాడు.

రెండు రోజులు సెలవు పెట్టి అన్నీ వెనక్కి తెచ్చాను. కొత్త డిస్కులో పాఠాలు వచ్చాయి, గొంతు సవరింపులతో సహా. పాప పదో తరగతి నోట్సు, అక్కర్లేనివి కూడా, వచ్చాయి. మామయ్యగారి బదిలీలు వచ్చాయి. ఫోటోలు వచ్చాయి. పేర్లు సరిగా పెట్టాను కాబట్టి ఏది ఎక్కడిదో ఒక్కసారి కూడా తడుముకోలేదు. బ్యాకప్ డిస్కులో 'మాటలు' అని వెతికాను, పాత తారీఖులన్నీ వెనక్కి వెళ్లి వెతికాను. నేను పెట్టిన గడువు నేను పెట్టినట్టే పనిచేసింది. మా ఆయన తోటి లెక్చరర్‌తో ఫోనులో మాట్లాడుతూ హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. "మా ఇంట్లో ఒక్క ఫైలు పోలేదు సార్. ముందునుంచీ జాగ్రత్తగా పెట్టుకున్నాం" అన్నారు. నేను ఆయన వెనకే, రెండడుగుల దూరంలో, డిస్కు వైరు చుట్టుకుంటూ కూర్చుని ఉన్నాను. మామయ్యగారు, అమ్మాయ్ నా బతుకు నిలబెట్టావు అని నవ్వారు. పాప నా మెడ చుట్టూ చేతులేసింది. ఎవరైనా అడుగుతారేమో అని చూశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వారం రోజులు చూశాను. నేనే చెప్పొచ్చు కదా అంటారు. చెబితే అది కూడా నేను చేసే ఫిర్యాదుల్లో ఒకటయి పోతుంది. అడిగితే వేరు.

ఎనిమిదో రోజున పాప అడిగింది. ఏదో వెతుకుతూ కంప్యూటర్ ముందు కూర్చుని, "అమ్మా, నీ మాటలేవి?" అంది. పోయాయమ్మా అన్నాను. పాప లేచి వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లింది. ఆయన వచ్చారు. నిజంగానే బాధపడ్డారు, నేను అబద్ధం చెప్పను. అయ్యో అన్నారు. అప్పుడే ఎందుకు చెప్పలేదన్నారు. పాప మెల్లిగా, తీసెయ్యమంది మీరే కదా నాన్నా అంది. ఆయన, "తీసెయ్యమన్నాను గానీ, ఇంకెక్కడా పెట్టుకోవద్దన్నానా?" అన్నారు. పాప నా వైపు చూసింది, నేనేదైనా అంటానని. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఏనాడూ ఆయన మాటల్లో తప్పు ఉండదు. టిక్కు తీసింది నా వేలు. ఆయన అరవలేదు, చెయ్యెత్తలేదు, పెట్టొద్దనలేదు. నా ఇంట్లో తలుపులన్నీ మామూలువే. మర్నాడు ఆయన ఆ సాఫ్ట్‌వేర్ కొనేశారు కూడా. ఇంక ఎన్ని టాస్కులైనా పెట్టుకోవచ్చు, నీకూ ఒకటి పెట్టుకో అన్నారు. ఆ మాట ఆయన ప్రేమగానే అన్నారు.

డాక్టరమ్మకు ఫోను చెయ్యడానికి ఇంకో పది రోజులు పట్టింది. జరిగింది చెప్పాను. నేనే తీశాను మేడమ్ అన్నాను. గుర్తున్నవి రాయి, వందైనా చాలు అంది ఆవిడ. రాయడానికి కూర్చున్నాను. అరవై దాకా వచ్చాయి. చదువుకుంటే ఏదో తేడాగా ఉంది. రెండోసారి చదివితే తెలిసింది. దర్జీ, లారీ డ్రైవరు, మేస్త్రీ, టీచరమ్మ, అందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. నా గొంతుతో. పొదుపుగా, తలొంచుకుని, ఎవరికీ ఇబ్బంది లేకుండా. మేస్త్రీ అలా మాట్లాడలేదు. ఆయన మధ్యలో ఒక బూతుమాట వాడి, నాలిక కరుచుకుని, మళ్లీ వాడాడు. ఆ మాట ఎక్కడ పడిందో నాకిప్పుడు గుర్తురాదు. అది సరైన చోట లేకపోతే ఆ వాక్యం ఆయనది కాదు. కుడిచేతి తలుపు మాట ఒక్కటే ఉన్నది ఉన్నట్టు మిగిలింది. దాన్ని ఒక్కదాన్నీ పంపలేను, అన్నిటి మధ్యలో దాక్కుని ఉండాల్సిన మాట అది. ఇవి పనికిరావు మేడమ్, ఇవి నేను కల్పించినట్టున్నాయి అని చెప్పేశాను. మళ్లీ మొదలుపెట్టు అంది ఆవిడ. ఆవిడకు డెబ్భై మూడేళ్లు. నాకు నలభై ఏడు. ఇంకో పదకొండేళ్లు అని మనసులో లెక్కేసుకుని, అలాగే మేడమ్ అన్నాను. పుస్తకం వచ్చింది. నిండా యంత్రాలు తీసిన రంగుబొమ్మలు. చాలా బావుంది. ఒక కాపీ పోస్టులో పంపింది.

ఆస్పత్రిలో ఇప్పుడూ చెబుతూనే ఉంటారు. మొన్న ఒక ముసలావిడ, ముందు గొంతు వస్తోందమ్మా, మొహం ఆలస్యంగా వస్తోంది అంది. వింటాను. చీటీ తీసుకోను. 'మసక' నొక్కి, తర్వాతివాళ్లను పిలుస్తాను.

ఇంట్లో ఒకరోజు సాయంత్రం ధైర్యం చేసి మా ఆయనతో, ఇకనుంచి బ్యాకప్ పని నేను చూడనండీ అన్నాను. మాట పెగలడానికి మధ్యాహ్నం నుంచీ కూడగట్టుకున్నాను. ఆయన పేపరు చదువుతున్నారు. "సరే. అదే చేసుకుంటుందిగా ఇప్పుడు" అన్నారు. నిజమే. అంత బాగా అమర్చాను. డిస్కు నిండుతుంటే పాతవి అదే తీసేసుకుంటుంది, కరెంటు పోతే వచ్చాక మళ్లీ అదే మొదలుపెడుతుంది. నేను మానేసి ఎనిమిది నెలలయింది, ఒక్క రోజు తప్పలేదు. నేను మానేశానని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప.

పాప పోయిన ఆదివారం హాస్టలుకు వెళ్లింది. ఇంజినీరింగ్ సీటు వేరే ఊళ్లో వచ్చింది. గదంతా సగం సర్దిన సంచులు, మంచం మీద కొత్త ల్యాప్‌టాప్. నేను బట్టలు మడతలు పెడుతున్నాను. పాప ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. దీనికి కూడా బ్యాకప్ పెట్టి ఇవ్వమ్మా, పేర్లు కూడా నువ్వే పెట్టు అంది. కూర్చో, నేర్పుతాను అన్నాను. తనకు చెప్పులు కొనుక్కోవాలి, స్నేహితురాలు కింద బండి మీద ఎదురుచూస్తోంది. "నేర్చుకోవడం ఎందుకమ్మా, నువ్వున్నావుగా. నువ్వు చేస్తే ఏదీ పోదు" అంది.

ఎంతో ప్రేమగా అంది. నా మాటలేవని అడిగిన ఒక్క పిల్ల, తెలిసి కూడా అంది. దాని మొహంలో వెతికాను. ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే మర్చిపోయింది. నా పోయినవి దాని లెక్కలో ఎప్పుడో పోనివాటిలో కలిసిపోయాయి. మా అమ్మ ఏం పోగొట్టుకుందని నన్నెవరైనా అడిగితే నేను మాత్రం ఏం చెబుతాను? ల్యాప్‌టాప్ వెచ్చగా ఉంది ఒళ్లో. ఎప్పటిలా చేతులు వాటంతటవే దాని మూత మీదికి వెళ్లాయి. వాటిని వెనక్కి తీసుకున్నాను.

"నాకు రాదమ్మా" అన్నాను.

పాప నవ్వింది. "నీకు రాకపోవడమేంటి?" అంది.

"రాదు."

ఈసారి నవ్వలేదు. నా మొహంలోకి చూసింది, ఏదో చదవబోయి అక్షరాలు అందనట్టు. కింద స్నేహితురాలు హారను కొట్టింది. పాప ల్యాప్‌టాప్ తీసుకుని, ఛార్జరు చుట్టి, సంచిలో పై అరలో పెట్టుకుంది. తను చెప్పులు కొనుక్కొచ్చి మిగతావి సర్దుకున్నాక, వాళ్ల నాన్న సామాను దింపారు. మామయ్యగారు గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపారు. నేను పైన కిటికీలోంచి చూశాను. సంచి భుజాన వేసుకుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా, బ్యాకప్ లేకుండానే వెళ్లింది.